చిన్న సర్వర్ మీద ఫ్లడ్ దాడి: ముందు ఏం సిద్ధం చేసుకోవాలి, దాడి రోజు ఏ వరుసలో కదలాలి

"ఫ్లడ్ వస్తోంది, ఏ ఫైర్‌వాల్ రూల్ పెట్టాలి?" అని అడిగేవాళ్లే ఎక్కువ. ఒక్క రూల్ చెప్పి పంపేయడం కుదరదు. ఫ్లడ్ అంటే సర్వర్ తట్టుకోలేనంత ట్రాఫిక్ పంపి ముంచే దాడి. అది వచ్చినప్పుడు మూడింటిలో ఏదో ఒకటి నిండుతుంది: నెట్‌వర్క్ లైను, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) కనెక్షన్లను రాసుకునే పట్టికలు, లేదా వెబ్ అప్లికేషన్. ఏది నిండుతోందో తెలియకుండా పెట్టిన రూల్ దాడిని ఆపకపోగా మీ సొంత పాఠకులనే ఆపుతుంది.

ఇక్కడ లెక్కలోకి తీసుకున్నది ఉబుంటు లేదా డెబియన్ నడిచే చిన్న వీపీఎస్ (అద్దెకు తీసుకునే వర్చువల్ సర్వర్): 2 సీపీయూలు, 4 జీబీ ర్యామ్, ముందు ఇంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్, వెనక పీహెచ్‌పీ, వర్డ్‌ప్రెస్. కోచింగ్ సెంటర్ల సైట్లు, జిల్లా వార్తల సైట్లు, చిన్న షాపుల సైట్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. కమాండ్ల పేర్లు పలికే తీరులో రాశాను, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టాలి.

1. ముందుగా మీ దారి మీరు కాపాడుకోండి

దాడి మధ్యలో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) తెరుచుకోకపోవచ్చు. లేదా టెన్షన్‌లో కొట్టిన రూల్ వల్ల మీరే బయట ఉండిపోతారు. అందుకే మొదటి పని ఫైర్‌వాల్ కాదు, లోపలికి వెళ్లే రెండో దారి.

- హోస్టింగ్ కంపెనీ ఇచ్చే వెబ్ కన్సోల్‌లోకి ఒకసారి లాగిన్ అయి చూడండి. రూట్ పాస్‌వర్డ్ పనిచేస్తోందా?
- హోస్టింగ్ సపోర్ట్ టికెట్ ఎక్కడ తెరవాలి, ఫోన్ నంబరేది, మీ ఖాతా నంబరెంత: ఇవన్నీ సర్వర్ బయట ఎక్కడైనా రాసుకోండి.
- బ్యాకప్ అదే సర్వర్‌లో కాకుండా వేరే చోట ఉందా?
- డీఎన్ఎస్ టీటీఎల్ (సైటు ఐపీని బయటివాళ్లు ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే అంకె) 300 సెకన్లకు తగ్గించి ఉంచండి. అది 86400 ఉంటే, ఐపీ మార్చాక కూడా కొందరికి రోజంతా పాత చిరునామాయే కనిపిస్తుంది.
- బ్యాండ్‌విడ్త్ వాడకాన్ని బట్టి బిల్లు వేసే ప్లాన్ అయితే బిల్లింగ్ అలర్ట్ పెట్టుకోండి.

ఫైర్‌వాల్ మార్చే ప్రతిసారీ ఇంకో జాగ్రత్త. రూల్ పెట్టేముందు, ఐదు నిమిషాల తర్వాత పాత రూల్స్ తిరిగి లోడ్ అయ్యేలా "ఎట్" కమాండ్‌తో ఒక జాబ్ పెట్టండి. అంతా సవ్యంగా ఉంటే దాన్ని రద్దు చేయండి. బయట ఉండిపోతే ఐదు నిమిషాలు ఆగండి, తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.

ఎస్ఎస్‌హెచ్‌ను ఇంటి ఐపీకి మాత్రమే పరిమితం చేయమని చాలాచోట్ల చెబుతారు. మన ఇళ్లలో బ్రాడ్‌బ్యాండ్ ఐపీ తరచూ మారుతూ ఉంటుంది కాబట్టి అది చిక్కు తెచ్చిపెడుతుంది. కీ లాగిన్ ఒక్కటే ఉంచి పాస్‌వర్డ్ లాగిన్ తీసేయండి. వీలైతే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ద్వారా మాత్రమే ఎస్ఎస్‌హెచ్ తెరవండి.

2. మామూలు రోజు ఎలా ఉంటుందో రాసిపెట్టుకోండి

ఇంటర్ ఫలితాల రోజు కోచింగ్ సెంటర్ సైటుకి వచ్చే రద్దీని దాడి అనుకుని పిల్లల తల్లిదండ్రులనే బ్లాక్ చేసే ప్రమాదం నిజంగా ఉంది. మామూలు రోజు అంకెలు దగ్గరుంటేనే తేడా తెలుస్తుంది.

రద్దీ సమయంలో ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి ఇవి నమోదు చేయండి:

- సెకనుకు ఎన్ని ప్యాకెట్లు, ఎంత బ్యాండ్‌విడ్త్: సార్ టూల్‌లో నెట్‌వర్క్ డివైస్ ఆప్షన్
- మొత్తం కనెక్షన్లు: ఎస్ఎస్ కమాండ్ సారాంశం
- సగం తెరుచుకున్న కనెక్షన్లు (సిన్, అంటే కనెక్షన్ అడిగే మొదటి ప్యాకెట్ వచ్చి అక్కడే ఆగినవి): అదే కమాండ్‌ను సిన్-రిసీవ్ స్థితికి ఫిల్టర్ చేసి
- కాన్‌ట్రాక్ పట్టికలో (ఫైర్‌వాల్ కోసం కెర్నల్ రాసుకునే కనెక్షన్ల జాబితా) ఎన్ని ఎంట్రీలు, పరిమితి ఎంత
- యాక్సెస్ లాగ్‌లో నిమిషానికి ఎన్ని రిక్వెస్టులు, ఎక్కువగా ఏ పేజీలకు

నిజమైన జనం వస్తే పేజీతో పాటు బొమ్మలు, సీఎస్ఎస్ ఫైళ్లు కూడా అడుగుతారు. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళతారు. ఫ్లడ్ ఎక్కువగా ఒకే చిరునామాను బాదుతుంది, బొమ్మల జోలికి పోదు.

3. ఏది నిండుతోందో తేల్చుకోండి

లైను నిండితే: ఎస్ఎస్‌హెచ్ తడబడుతుంది, పింగ్ ప్యాకెట్లు పోతుంటాయి, సీపీయూ మాత్రం పెద్దగా కష్టపడుతున్నట్టు కనిపించదు. హోస్టింగ్ ప్యానెల్ గ్రాఫ్‌లో ఇన్‌కమింగ్ గీత ప్లాన్ పరిమితికి తగిలి నిలిచిపోయి ఉంటుంది. బ్యాండ్‌విడ్త్ ఒక్కటే చూడొద్దు. 1 గిగాబిట్ లైనులో అతి చిన్న ప్యాకెట్లు సెకనుకు 14.88 లక్షల వరకు పడతాయి. చిన్న వీపీఎస్ కెర్నల్ అంతకంటే చాలా ముందే చేతులెత్తేస్తుంది, అప్పుడు సీపీయూ సమయం సాఫ్ట్ ఇంటరప్ట్‌ల (ప్యాకెట్లను అందుకునే కెర్నల్ పని) ఖాతాలో కనిపిస్తుంది.

కెర్నల్ పట్టికలు నిండితే: కెర్నల్ లాగ్ చూపే డీమెసేజ్‌లో రెండు రకాల సందేశాల కోసం వెతకండి. ఒకటి, 443 పోర్టు మీద సిన్ ఫ్లడ్ కావచ్చు, కుకీలు పంపుతున్నాను (సగం కనెక్షన్‌కు చోటు ఇవ్వకుండానే జవాబు పంపే పద్ధతి, బ్రౌజర్ కుకీలు కావు) అనేది. రెండోది, ఎన్ఎఫ్ కాన్‌ట్రాక్ పట్టిక నిండింది, ప్యాకెట్‌ను వదిలేస్తున్నాను అనేది. మొదటిది చూసి దాడి అని తీర్మానించేయొద్దు. క్యూ (కొత్త కనెక్షన్లు వేచి ఉండే వరుస) మరీ చిన్నదైతే మంచి రద్దీకి కూడా అదే సందేశం వస్తుంది.

అప్లికేషన్ నిండితే: బ్యాండ్‌విడ్త్ మామూలుగానే ఉంటుంది, పీహెచ్‌పీ ప్రాసెస్‌లన్నీ బిజీ, మైఎస్‌క్యూఎల్ సీపీయూని తినేస్తుంటుంది, పాఠకులకు 502, 504 (వెనక పీహెచ్‌పీ జవాబివ్వలేదనే) ఎర్రర్లు. లాగ్ తెరిస్తే వర్డ్‌ప్రెస్ సెర్చ్ చిరునామా వరసగా వస్తుంటుంది, ప్రతిసారీ ప్రశ్నగుర్తు తర్వాత అర్థంపర్థం లేని కొత్త అక్షరాలు. లేదా లాగిన్ పేజీ, ఎక్స్ఎంఎల్ఆర్‌పీసీ ఫైలు (బయటి యాప్‌లు వర్డ్‌ప్రెస్‌తో మాట్లాడే పాత దారి). చిన్న సైట్ల మీద వచ్చేవాటిలో ఈ రకమే మన చేతిలో ఉన్నంతలో బాగా ఆపగలిగేది. అందుకే కింద దానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

4. అక్కర్లేని పోర్టులు మూసేయండి

ఎస్ఎస్ కమాండ్‌తో వింటున్న టీసీపీ, యూడీపీ పోర్టులు రెండూ చూడండి. బయటికి 80, 443, ఎస్ఎస్‌హెచ్ (వైర్‌గార్డ్ వాడితే దాని పోర్టు) తప్ప మరేదీ కనిపించకూడదు. హెచ్‌టీటీపీ 3 వాడకపోతే యూడీపీ 443 కూడా అక్కర్లేదు.

మెమ్‌క్యాష్‌డ్ (డేటాను మెమరీలో దాచే క్యాష్) 11211, ఎన్‌టీపీ (గడియారం సరిచేసేది) 123, డీఎన్ఎస్ 53 పోర్టులు యూడీపీలో లోకానికంతటికీ తెరిచి ఉంటే మీ సర్వర్ వేరేవాళ్ల మీద దాడికి పనిముట్టు అవుతుంది. చిన్న ప్రశ్నకు పెద్ద జవాబును బాధితుడి చిరునామాకు పంపిస్తుంది. 2018 ఫిబ్రవరిలో గిట్‌హబ్ మీద సెకనుకు 1.35 టెరాబిట్ల దాడి జరిగింది ఇలా తెరిచి ఉన్న మెమ్‌క్యాష్‌డ్ సర్వర్ల నుంచే.

డాకర్ (ప్రోగ్రాములను కంటెయినర్లలో నడిపే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు ఒకటి గమనించాలి. డాకర్‌లో పబ్లిష్ చేసిన పోర్టుకు ఉబుంటు ఫైర్‌వాల్ టూల్ యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్ వర్తించవు. యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్‌లో మూసినట్టే కనిపిస్తుంది, బయట నుంచి చూస్తే తెరిచే ఉంటుంది. పోర్టును 127.0.0.1కి (సర్వర్ లోపలికే పరిమితమైన చిరునామా) కట్టి పబ్లిష్ చేయండి.

ఐసీఎంపీ (పింగ్, ఎర్రర్ సందేశాలు మోసే ప్రోటోకాల్) మొత్తాన్ని మూసేయొద్దు. ప్యాకెట్ సైజు సర్దుబాటు దాని మీదే ఆధారపడుతుంది, ఐపీవీ6 అయితే ఐసీఎంపీ లేకుండా నడవనే నడవదు. పింగ్‌కు రేటు పరిమితి పెడితే సరిపోతుంది.

5. కెర్నల్ సెట్టింగులు

ఎక్కడో దొరికిన నలభై లైన్ల సిస్‌కంట్రోల్ (కెర్నల్ సెట్టింగుల) ఫైలు తెచ్చి అతికించడం నాకు నచ్చదు. చిన్న సర్వర్‌కు పనికొచ్చేవి ఇవి:

- టీసీపీ సిన్‌కుకీస్ = 1. చాలా డిస్ట్రోల్లో ముందే ఉంటుంది, చూసి నిర్ధారించుకోండి. క్యూ నిండినప్పుడు మాత్రమే కుకీలు పనిలోకి దిగుతాయి.
- టీసీపీ సినాక్ రిట్రైస్ = 2. డిఫాల్ట్ 5. అప్పుడు జవాబు రాని ఒక్కో సగం కనెక్షన్ సుమారు 63 సెకన్లు చోటు ఆక్రమిస్తుంది. 2 చేస్తే సుమారు 7 సెకన్లు.
- టీసీపీ మ్యాక్స్ సిన్ బ్యాక్‌లాగ్, సోమాక్స్‌కాన్ = 4096. ఇది పెంచి ఊరుకుంటే లాభం లేదు. లైనక్స్‌లో ఇంజిన్‌ఎక్స్ తన లిజన్ క్యూను డిఫాల్ట్‌గా 511కే పరిమితం చేసుకుంటుంది, రెండింటిలో చిన్నదే చెల్లుతుంది. లిజన్ లైన్‌లో బ్యాక్‌లాగ్ విలువ కూడా 4096 అని రాయండి.
- కాన్‌ట్రాక్ మ్యాక్స్ = 262144. 4 జీబీ సర్వర్‌కు ఇది భారం కాదు, పట్టిక పూర్తిగా నిండినా 100 ఎంబీ చుట్టుపక్కలే.
- కాన్‌ట్రాక్ ఎస్టాబ్లిష్డ్ టైమౌట్ = 7200. డిఫాల్ట్ 432000 సెకన్లు, అంటే ఐదు రోజులు! చచ్చిన కనెక్షన్ ఐదు రోజులు పట్టికలో కూర్చోవడం ఎవరికీ అక్కర్లేదు.

విడి ఫైలులో రాసి సిస్‌కంట్రోల్.డీ ఫోల్డర్‌లో పెట్టండి, రీబూట్ చేసి విలువలు నిలిచాయో లేదో చూడండి. కాన్‌ట్రాక్ మాడ్యూల్ ఆలస్యంగా లోడ్ అయితే దాని విలువలు పడకుండా పోతాయి.

సిన్ ఫ్లడ్‌కు ఒక్కో ఐపీకి ఇన్ని అని పరిమితి పెట్టే రూల్ మీద ఆశ పెట్టుకోవద్దు. అందులో పంపేవాళ్ల చిరునామాలు దొంగవి, ప్రతి ప్యాకెట్ కొత్త ఐపీ నుంచి వచ్చినట్టే ఉంటుంది. మొత్తం సిన్‌లకు కలిపి సెకనుకు ఇన్ని అని పెడితే ఇంకా ఘోరం, ఆ కోటా దాడి చేసేవాడే తినేస్తాడు, అసలు పాఠకుడికి చోటు దొరకదు. ఇక్కడ ఆదుకునేవి సిన్ కుకీలే.

6. ఇంజిన్‌ఎక్స్ పరిమితులు: అంకె దగ్గరే అసలు సంగతి

రిక్వెస్టులను లెక్కపెట్టే లిమిట్ రిక్వెస్ట్ జోన్‌లో కీగా (ఎవరి లెక్క ఎవరిదో వేరు చేసే గుర్తు) బైనరీ రిమోట్ అడ్రస్, అంటే పాఠకుడి ఐపీ, వాడండి, జోన్ సైజు 10 ఎంబీ. 64 బిట్ సర్వర్‌లో ఒక ఎంబీకి సుమారు 8 వేల చిరునామాలు పడతాయి, కాబట్టి 80 వేలకు సరిపోతుంది.

రేటు సెకనుకు 10 అంటే, సెకను మొత్తంలో ఎప్పుడైనా పది అని ఇంజిన్‌ఎక్స్ అనుకోదు. 100 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున లెక్కేస్తుంది. బర్స్ట్ (ఒకేసారి వచ్చినా ఒప్పుకునే అదనపు రిక్వెస్టులు) లేకుండా ఇది పెడితే, ఒకే క్షణంలో మూడు రిక్వెస్టులు పంపిన బ్రౌజర్‌కు రెండు తిరస్కారాలు. అందుకని బర్స్ట్ 20, దాంతో పాటు నోడిలే (వాటిని ఆపి ఉంచకుండా వెంటనే పంపడం). తిరస్కరణ కోడ్ డిఫాల్ట్‌గా 503 వస్తుంది, దాన్ని 429కి (రిక్వెస్టులు మరీ ఎక్కువయ్యాయి అనే కోడ్) మార్చండి. లేకపోతే సర్వర్ పడిపోవడం వేరు, పరిమితి తగలడం వేరు అని లాగ్‌లో తెలియదు.

ఈ పరిమితి పీహెచ్‌పీకి వెళ్లే దారికే పెట్టండి. బొమ్మలు, సీఎస్ఎస్ ఫైళ్లకు వద్దు, అవి ఇవ్వడం ఇంజిన్‌ఎక్స్‌కు కష్టం కాదు.

ఇప్పుడు అసలు చిక్కు. మన దగ్గర పాఠకుల్లో ఎక్కువమంది మొబైల్ డేటా మీద వస్తారు. ఐపీవీ4లో మొబైల్ కంపెనీలు చాలామందిని ఒకే పబ్లిక్ ఐపీ వెనక పెడతాయి. కాలేజీ హాస్టల్, ఆఫీసు వైఫై కూడా అంతే. ఇంగ్లీష్ గైడ్లలో రాసినట్టు ఐపీకి సెకనుకు ఒకటో రెండో పెడితే ఫలితాల రోజు హాస్టల్ హాస్టలంతా 429 చూస్తుంది. మామూలు పేజీలకు వదులుగా 10 నుంచి 20 మధ్య ఉంచండి. బిగించాల్సింది ఖరీదైన చిరునామాల దగ్గర:

- సెర్చ్: ఐపీకి సెకనుకు 1, బర్స్ట్ 5
- లాగిన్ పేజీ: నిమిషానికి 10
- ఎక్స్ఎంఎల్ఆర్‌పీసీ: వాడకపోతే పూర్తిగా మూసేయండి

ఐపీవీ6లో ఇది తిరగబడుతుంది. ఒక్కో ఫోనుకు మామూలుగా /64 బ్లాక్ (ముందు 64 బిట్లు ఒకటే ఉండే చిరునామాల గుంపు) మొత్తం ఇస్తారు, కాబట్టి దాడి చేసేవాడు ఒక్క లైను మీద నుంచే లెక్కలేనన్ని చిరునామాలు మార్చగలడు. ఐపీవీ6కు పూర్తి చిరునామాను కాకుండా ముందు 64 బిట్లను కీగా వాడాలి. ఇంజిన్‌ఎక్స్‌లో మ్యాప్ బ్లాక్‌తో గానీ, లైనక్స్ ఫైర్‌వాల్ ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో మాస్క్ వేసి గానీ చేయొచ్చు.

కొత్త పరిమితిని నేరుగా అమల్లో పెట్టకండి. లిమిట్ రిక్వెస్ట్ డ్రై రన్ ఆన్ చేసి ఒక వారం వదిలేయండి. ఎవరినీ ఆపకుండా, ఎవరు ఆగేవాళ్లో ఎర్రర్ లాగ్‌లో రాస్తుంది. ఆ జాబితాలో మీ సొంత పాఠకులు కనిపిస్తే అంకె సరిదిద్దండి.

నెమ్మదిగా నొక్కే దాడి ఇంకోటి ఉంది. కనెక్షన్ తెరిచి, హెడర్‌ను చుక్క చుక్కగా పంపుతూ చోటు ఆక్రమిస్తారు. క్లయింట్ హెడర్ టైమౌట్, బాడీ టైమౌట్ రెండూ డిఫాల్ట్‌గా 60 సెకన్లు, వాటిని 10 నుంచి 15కి దించండి. ఫైళ్ల అప్‌లోడ్ ఉన్న పేజీకి మాత్రం బాడీ టైమౌట్ విడిగా ఎక్కువ ఉంచండి, పల్లెల్లో నెట్ నెమ్మది. వర్కర్ కనెక్షన్లు 4096కి పెంచి, ఓపెన్ ఫైళ్ల పరిమితి కూడా దానికి తగ్గట్టు పెంచండి.

ఇంజిన్‌ఎక్స్ అప్‌డేట్లు వాయిదా వేయొద్దు. 2023 అక్టోబర్‌లో బయటపడ్డ హెచ్‌టీటీపీ 2 ర్యాపిడ్ రీసెట్ లాంటి దాడులకు తగ్గ సవరణలు అప్‌డేట్లలోనే వస్తాయి.

7. పీహెచ్‌పీ, క్యాష్

పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం మ్యాక్స్ చిల్డ్రన్ విలువ (ఒకేసారి నడిచే పీహెచ్‌పీ ప్రాసెస్‌ల పరిమితి) పెంచితే ఎక్కువమందిని తట్టుకుంటుందని అనుకుంటారు. జరిగేది వేరు: ర్యామ్ అయిపోతుంది, మెమరీ కోసం కెర్నల్ మైఎస్‌క్యూఎల్‌ను చంపేస్తుంది, సైటు మొత్తం పడుతుంది. లెక్క ఇలా వేయండి. 4 జీబీలో సిస్టమ్‌కు 1, డేటాబేస్‌కు 1 తీసేస్తే మిగిలింది 2 జీబీ. ఒక్కో పీహెచ్‌పీ ప్రాసెస్ 80 ఎంబీ తింటే 25. అంతకు మించొద్దు.

లాగిన్ కాని పాఠకులకు ఫాస్ట్‌సీజీఐ క్యాష్ (పీహెచ్‌పీ తయారుచేసిన పేజీని ఇంజిన్‌ఎక్స్ దాచి చూపడం) పెట్టండి, 30 సెకన్లైనా చాలు. క్యాష్ లాక్ ఆన్ చేస్తే ఒకే పేజీకి వంద రిక్వెస్టులు ఒకేసారి వచ్చినా పీహెచ్‌పీని ఒక్కసారే లేపుతుంది. యూజ్ స్టేల్ పెడితే వెనక పీహెచ్‌పీ కుదేలైనా పాత పేజీ చూపిస్తుంది. ప్రశ్నగుర్తు తర్వాత వచ్చే చెత్త అక్షరాలతో క్యాష్‌ను తప్పించుకునే దాడి ఉంటుంది కాబట్టి, పారామీటర్లు అవసరం లేని పేజీలకు క్యాష్ కీలో వాటిని కలపకండి. లాగిన్ కుకీ ఉన్నవాళ్లకు మాత్రం క్యాష్ తప్పించాలి, లేదంటే ఒకరి పేజీ ఇంకొకరికి పోతుంది.

8. లైను నిండే దాడికి: సీడీఎన్ వెనక్కి వెళ్లడం

ఊరి పొలిమేరలోనే రోడ్డు జామ్ అయితే ఇంటి గుమ్మం దగ్గర కాపలా పెట్టి లాభం లేదు. లైను నిండాక మీ ఫైర్‌వాల్ వదిలేసే ప్యాకెట్ కూడా అప్పటికే లైను వాడుకుని వచ్చినదే. దీన్ని పైన ఉన్నవాళ్లే, అంటే హోస్టింగ్ కంపెనీ లేదా సీడీఎన్ (మీ సర్వర్ ముందు నిలబడి పేజీలు అందించే నెట్‌వర్క్), ఆపాలి. హోస్టింగ్ కంపెనీకి రక్షణ ఉందా, లేక దాడి వస్తే మీ ఐపీని పూర్తిగా నల్ రూట్ చేసి (దానికి వచ్చే ట్రాఫిక్ అంతా పారేసి) చేతులు దులుపుకుంటారా అన్నది ఇప్పుడే టికెట్ పెట్టి అడగండి.

క్లౌడ్‌ఫ్లేర్ అనే సీడీఎన్ ఉచిత ప్లాన్‌లో కూడా దాడి పరిమాణం లెక్కపెట్టకుండా రక్షణ ఇస్తోంది, చిన్న సైటుకు అదే సులువైన దారి. అయితే డీఎన్ఎస్ మార్చి, సీడీఎన్ ఆన్ అయిందని చెప్పే నారింజ రంగు మేఘం గుర్తు చూసి పని అయిపోయిందనుకుంటే సగమే అయినట్టు. వరుస ఇదీ:

1. సైటును సీడీఎన్ మీదికి తెచ్చి, పేజీలు సరిగా వస్తున్నాయో చూడండి.
2. ఇంజిన్‌ఎక్స్‌లో రియల్ ఐపీ సెట్టింగ్ పెట్టండి, అది పాఠకుడి అసలు ఐపీని సీడీఎన్ పంపే హెడర్ నుంచి తీసుకుంటుంది. సీడీఎన్ ఐపీ శ్రేణుల నుంచి వచ్చిన హెడర్‌నే నమ్మాలి. ఇది వదిలేస్తే ప్రతి పాఠకుడూ సీడీఎన్ ఐపీతోనే కనిపిస్తాడు, మీ రేటు పరిమితి సీడీఎన్‌నే ఆపేస్తుంది.
3. హోస్టింగ్ కంపెనీని అడిగి సర్వర్‌కు కొత్త ఐపీ తీసుకోండి. పాత డీఎన్ఎస్ రికార్డులు దాచే సైట్లు ఉన్నాయి, పాత ఐపీ ఎప్పటికీ రహస్యం కాదు.
4. 80, 443 పోర్టులను సీడీఎన్ ఐపీ శ్రేణులకు మాత్రమే తెరవండి, ఐపీవీ6తో సహా.
5. కొత్త ఐపీ ఎక్కడ బయటపడుతుందో వెతకండి: మెయిల్ సర్వర్ రికార్డు, ఎఫ్‌టీపీ సబ్‌డొమైన్, సైటు పంపే మెయిళ్ల హెడర్లు. వెబ్ సర్వర్ నుంచి మెయిల్ నేరుగా పంపకుండా బయటి మెయిల్ సర్వీసు వాడండి.

మూడో, నాలుగో మెట్లు దాటేసేవాళ్లే ఎక్కువ. అప్పుడు దాడి సీడీఎన్‌ను పక్కనబెట్టి నేరుగా పాత ఐపీ మీదికే వస్తుంది.

ఇండియా తప్ప మిగతా దేశాలన్నీ బ్లాక్ చేయాలనే ఆలోచన కూడా వస్తుంది. తెలుగు సైటుకు అమెరికాలో, గల్ఫ్‌లో పాఠకులుంటారు. దాడి రోజు తాత్కాలికంగా ఛాలెంజ్ పేజీ (వచ్చింది మనిషేనా అని పరీక్షించేది) చూపించడం వేరు, శాశ్వతంగా తలుపు మూయడం వేరు.

9. పరీక్షించుకోవడం

మీ సర్వర్ మీదే, హోస్టింగ్ కంపెనీ నిబంధనలు చదివాకే. లోడ్ పరీక్షించే డబ్ల్యూఆర్‌కే లేదా అపాచీ బెంచ్ టూల్‌తో వేరే వీపీఎస్ నుంచి సెర్చ్ పేజీకి కొద్దిపాటి లోడ్ ఇవ్వండి. 429లు వస్తున్నాయా? అదే సమయంలో ఫోన్ నుంచి హోమ్ పేజీ తెరుచుకుంటోందా? రెండింటికీ అవునంటే పరిమితులు పనిచేస్తున్నట్టే. డబ్బులిచ్చి దాడి చేయించే సైట్లతో "టెస్ట్" చేయించుకోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

10. దాడి రోజు వరుస

- టైము రాసుకోండి. సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే మన టైముకి 5 గంటల 30 నిమిషాల తేడా గుర్తుంచుకోండి.
- హోస్టింగ్ గ్రాఫ్, డీమెసేజ్, యాక్సెస్ లాగ్: ఈ వరుసలో చూసి ఏది నిండుతోందో తేల్చండి.
- లైను అయితే వెంటనే టికెట్ తెరవండి, సీడీఎన్‌లో అండర్ అటాక్ మోడ్ (పాఠకులకు ముందు ఛాలెంజ్ పేజీ చూపే సెట్టింగ్) ఆన్ చేయండి. సర్వర్‌లో రూల్స్ రాస్తూ టైము పోగొట్టుకోకండి.
- పట్టికలు అయితే కెర్నల్ లెక్కలు చూపే ఎన్ఎస్‌టాట్‌లో లిజన్ డ్రాప్స్ (అందుకోలేక వదిలేసిన కనెక్షన్లు), పంపిన సిన్ కుకీల సంఖ్య పెరుగుతున్నాయో చూడండి. కుకీలు పోతూ సైటు తెరుచుకుంటుంటే ఇంకేం కదిలించకండి.
- అప్లికేషన్ అయితే దెబ్బ తింటున్న చిరునామా ఒక్కదాన్నే బిగించండి లేదా కాసేపు మూయండి. సెర్చ్ ఒక గంట లేకపోతే మునిగేదేం లేదు.
- డిస్క్ చూడండి. లాగ్ ఫైలు ఉబ్బి డిస్క్ నిండితే డేటాబేస్ కూడా ఆగిపోతుంది.
- నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను రికార్డు చేసే టీసీపీడంప్‌తో కొన్ని వేల ప్యాకెట్లు మాత్రం పట్టి పక్కన పెట్టండి, తర్వాత సాక్ష్యం అవుతుంది.
- ఒకసారికి ఒక్క మార్పే, చేసిన ప్రతిదీ రాసుకోండి.

సర్వర్‌ను మాటిమాటికీ రీస్టార్ట్ చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు, క్యాష్ ఖాళీ అయి పరిస్థితి ఇంకా బిగుసుకుంటుంది. ఐపీలను బ్యాన్ చేసే ఫెయిల్2బ్యాన్ మీద కూడా ఫ్లడ్ సమయంలో నాకు నమ్మకం తక్కువ. అది లాగ్ చదివి పనిచేస్తుంది, రిక్వెస్టు అప్పటికే పీహెచ్‌పీని తినేసి ఉంటుంది. పాస్‌వర్డ్ ప్రయత్నాలకు బాగుంటుంది, సీడీఎన్ వెనక రియల్ ఐపీ సరిగా పెట్టకపోతే మాత్రం సీడీఎన్‌నే బ్యాన్ చేసి కూర్చుంటుంది.

11. ఫిర్యాదు

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు, సర్వీసు ప్రొవైడర్లు ఇలాంటి దాడిని గమనించిన 6 గంటల్లోపు తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. లాగ్‌రొటేట్ చాలాచోట్ల డిఫాల్ట్‌గా కొద్దివారాలకే పాతవి చెరిపేస్తుంది, ఆ అంకె మార్చి పాత లాగ్‌లు వేరే చోటికి పంపండి.

డబ్బు ఇవ్వకపోతే మళ్లీ ముంచుతామని మెయిల్ వస్తే జవాబివ్వకండి, చెల్లించకండి. ఆ మెయిల్‌ను పూర్తి హెడర్లతో సహా దాచి, జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో గానీ దగ్గరలోని సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్‌లో గానీ ఫిర్యాదు ఇవ్వండి. కంప్యూటర్‌ను అర్హులకు అందకుండా చేయడం ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కింద నేరం, మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా ఉన్నాయి. ఫిర్యాదుతో పాటు దాడి మొదలైన టైము, ఆగిన టైము, ఇంజిన్‌ఎక్స్ లాగ్‌లు, పట్టి ఉంచిన ప్యాకెట్ల ఫైలు, హోస్టింగ్ కంపెనీ టికెట్ నంబరు జతచేయండి.